దారి బాగానే ఉంది, దుకాణం మూతపడనివ్వకండి: స్పెయిన్ మంత్రి గారికి బహిరంగ లేఖ

స్పెయిన్ పర్యావరణ పరివర్తన, జనాభా సవాళ్ళ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను వాలెన్సియాలో ఉద్యోగం చేసుకుంటూ, సెలవు దొరికినప్పుడల్లా తూర్పు స్పెయిన్‌లోని తెరువెల్ కొండల్లో గ్రావెల్ బైక్ (మట్టి, కంకర దారుల సైకిల్) తొక్కే తెలుగువాణ్ణి. ఈ లేఖ స్పానిష్ ప్రతిని మీ కార్యాలయానికి పంపుతున్నాను. యూరప్‌లో చదువుకుంటూ, ఉద్యోగాలు చేస్తూ ఈ దారుల మీదకు వచ్చే మనవాళ్ళు కూడా చదవాలని తెలుగులోనూ రాస్తున్నాను.

మిమ్మల్ని అడగదలచుకున్నది ఒక్కటే. సైకిల్ పర్యాటకం పేరుతో ఈ ప్రాంతానికి డబ్బు కేటాయించేటప్పుడు దాన్ని దారుల మీద పోయకండి. ఆ దారులు తగిలే ఊళ్ళలో మిగిలిన ఒక్క బారు, ఒక్క దుకాణం, ఒక్క నీటిధార ఆగిపోకుండా చూడటానికి ఖర్చు పెట్టండి.

దారికి నిజంగా ఏమీ అక్కర్లేదు. 'మోంతాన్యాస్ వాసియాస్', అంటే 'ఖాళీ కొండలు' అని పిలిచే రూట్ మీకు తెలిసే ఉంటుంది. తెరువెల్ నగరంలో బయలుదేరి, గ్వాదలహారా, క్వెంకా జిల్లాలను కూడా తాకి, మళ్ళీ తెరువెల్‌కే చేరే సుమారు 680 కిలోమీటర్ల చుట్టు అది. దానికోసం ఎవరూ కొత్తగా రోడ్డు వెయ్యలేదు. అటవీ శాఖ వేసిన మట్టిరోడ్లు, పొలాలకు వెళ్ళే బండిదారులు, గొర్రెల మందలు నడిచే బాటలు ఎప్పటినుంచో ఉన్నవే. సైకిల్ మీద ప్రేమ ఉన్నవాళ్ళు వాటిని ఒకదానికొకటి కలిపి, ఎవరైనా ఫోన్‌లోకి దింపుకునేలా జీపీఎస్ ట్రాక్ పెట్టారు. అంతే. ఎర్ర గోడల అల్బర్రాసీన్, పైన్ అడవులు, లిస్బన్ దాకా పారే తాహో నది పుట్టేచోటు, అన్నీ ఆ చుట్టుపక్కలే. కార్లు దాదాపు కనిపించవు. వాన పడితే మాత్రం బంకమట్టి టైరుకీ ఫోర్కుకీ మధ్య పట్టుకుని చక్రం తిరగనివ్వదు, అప్పుడు మోసుకుంటూ నడవాల్సిందే. అయినా ఆ మట్టి మీద తారు పోయమని ఏ గ్రావెల్ రైడరూ అడగడు.

ఈ అందం వెనక ఉన్నదేమిటో మీ శాఖకు నేను చెప్పనక్కర్లేదు, తెలుగు పాఠకుల కోసం చెబుతాను. తెరువెల్ జిల్లా విస్తీర్ణం 14,800 చదరపు కిలోమీటర్లు. 1900లో రెండున్నర లక్షలకు దగ్గరగా ఉన్న జనాభా ఇప్పుడు లక్షా ముప్పై అయిదు వేలకు అటూ ఇటూ. చదరపు కిలోమీటరుకు తొమ్మిది మంది! 'తెరువెల్ కూడా ఉంది' అని దేశానికి గుర్తుచెయ్యడానికే 1999లో ఇక్కడివాళ్ళు ఉద్యమం మొదలుపెట్టారు. 2019 మార్చి 31న ఇలాంటి జిల్లాల జనం మాద్రిద్ వీధుల్లోకి వచ్చారు. అదే ఏడాది నవంబరు ఎన్నికల్లో తెరువెల్ ఉద్యమం పార్లమెంటు దిగువ సభలో ఒక సీటు గెలుచుకుంది. మీ శాఖ పేరులో 'జనాభా సవాళ్ళు' చేరింది 2020లో. ఆ పోరాటం చేసిన ఊళ్ళ మీదుగానే మా సైకిళ్ళు వెళుతున్నాయి.

అలాంటి ఒక ఊళ్ళో 'మల్టీసెర్విసియో', అంటే బారూ దుకాణమూ ఒకేచోట ఉండే గది, ఎలా ఉంటుందో చెప్పనివ్వండి. గది పంచాయతీది. నామమాత్రపు అద్దెకు ఒక కుటుంబానికి ఇస్తారు. కౌంటర్‌కు ఒకవైపు కాఫీ మెషిన్, ఇంకోవైపు సార్డీన్ చేపల డబ్బాలు, బట్టల సబ్బు, బ్యాటరీలు. పొద్దున్నే రొట్టెల వ్యాను వచ్చి హారన్ కొడితే, రాలేని ముసలివాళ్ళ వాటా రొట్టెలు కూడా కౌంటర్ నడిపే ఆ ఇంటావిడే తీసి పక్కన పెడుతుంది. మధ్యాహ్నం మూల బల్ల దగ్గర నలుగురు పెద్దవాళ్ళు గిన్యోతే అనే పేకాట ఆడుతుంటారు. ఎవరైనా ఆ రోజు పేకాటకు రాకపోతే, వెళ్ళి తలుపు తట్టేదీ ఈమే. మేము చెమటతో, దుమ్ముతో లోపలికి వెళితే వంటింట్లో తోర్తీయా (బంగాళాదుంపల ఆమ్లెట్) మిగిలిందో లేదో చూసి, లేకపోతే రెండు గుడ్లు కొట్టి వేసిస్తుంది. నీళ్ళ సీసాలు నింపిస్తుంది. పై గదిలో మంచం ఖాళీగా ఉంటే చెబుతుంది. మీ లెక్కల్లో ఇది 'వాణిజ్య సంస్థ' కావచ్చు, ఊరికి మాత్రం ప్రాణం.

ఆగస్టులో ఆమెకు దిగుల్లేదు. బార్సిలోనా, వాలెన్సియా, సరగోసా వెళ్ళిపోయిన కుటుంబాలన్నీ పండగలకు దిగుతాయి, కుర్చీ దొరకదు. కష్టమంతా మిగతా నెలల్లోనే. సైకిళ్ళ వాళ్ళం వచ్చేది సరిగ్గా అప్పుడే, మే, జూన్, సెప్టెంబరు, అక్టోబరుల్లో. ఎండాకాలం మాకు ఎండ ఎక్కువ, చలికాలం ఈ ఎత్తుల్లో మంచు. అంటే ఒక రైడర్ భోజనానికీ పడకకూ పెట్టే యూరోలు ఆ కౌంటర్‌కు అవసరమైన నెలల్లోనే వస్తాయి. ఇంత చక్కగా కుదిరిన పర్యాటకం ఇంకొకటి ఉందని నేననుకోను.

కానీ చలికాలం కరెంటు బిల్లు కట్టలేక ఆమె తాళాలు అప్పగిస్తే? కొత్తవాళ్ళు దొరికేదాకా నెలల తరబడి ఆ గది మూతే. తర్వాతి తిండి నలభై, యాభై కిలోమీటర్ల అవతల. ఎత్తుపల్లాల కంకర దారిలో అది పూర్తి రోజు పని. అప్పుడు ఏం చేస్తాం? తెరువెల్‌లోనే సూపర్‌మార్కెట్‌కు వెళ్ళి మూడు రోజుల సరుకు సంచుల్లో కుక్కుకుని బయలుదేరతాం. ఊళ్ళ మీదుగా పోతాం, పైసా ఖర్చు పెట్టం. దారి అలాగే ఉంటుంది, ఊరికి మాత్రం మా వల్ల ఒరిగేదేమీ ఉండదు. అందుకే మనవి: నవంబరు నుంచి మార్చి దాకా ఈ మల్టీసెర్విసియోల కరెంటు, హీటింగ్ ఖర్చు భరించండి. నడిపేవాళ్ళు మారేటప్పుడు మధ్యలో తాత్కాలికంగా నడపడానికి మనిషినివ్వండి. పక్కపక్క ఊళ్ళ వారపు సెలవు ఒకే రోజు పడకుండా నడిపేవాళ్ళను కూర్చోబెట్టి మాట్లాడించండి. సోమవారం నాడు వరసగా మూడు ఊళ్ళలో తాళాలు చూస్తే ఆ టెన్షన్ ఎలా ఉంటుందో ఆకలితో ఉన్నవాడికే తెలుసు.

నీళ్ళ సంగతీ అంతే. ఇది సున్నపురాతి నేల, వాన నీరు లోపలికి ఇంకిపోతుంది. పేరుకు వాగు అయినా ఆగస్టు చివరికి చాలా చోట్ల రాళ్ళే. ఊరి మధ్యలో రాతి తొట్టి మీద ఇత్తడి గొట్టంలోంచి చల్లటి నీళ్ళు పడుతుంటాయి, పక్కనే 'శుద్ధి చెయ్యని నీరు' అన్న బోర్డు. ముసలివాళ్ళు తాగుతూనే ఉంటారు. మేము తాగాలా వద్దా? ఆ ధారలను పరీక్ష చేయించి, ఫలితం తేదీతో సహా ఆ గొట్టం పక్కనే పెట్టించండి. కోట్లు ఖర్చయ్యే పని కాదిది.

ఇక మందల బాటలు. మన రెవెన్యూ రికార్డుల్లోని పుంతలూ డొంకల్లా ఇవి ప్రభుత్వ ఆస్తి. మెస్తా అనే గొర్రెల పెంపకందార్ల సంఘానికి 1273లో పదో అల్ఫోన్సో రాజు హక్కులిచ్చిన నాటి నుంచి వీటికి చట్టం అండ ఉంది. పెద్ద బాట వెడల్పు 75 మీటర్ల దాకా ఉండవచ్చు. 1995 నాటి మూడో నంబరు చట్టం వీటి మీద నడకకూ, ఇంజను లేని వాహనాలకూ చోటిచ్చింది. అల్బర్రాసీన్ కొండల్లోని కొందరు కాపరులు ఇప్పటికీ చలికాలానికి మందలను నడిపించుకుంటూ దక్షిణాన ఆందలూసియా దాకా వెళతారు. గ్వాదలావియార్ ఊళ్ళో దీనికో మ్యూజియం కూడా ఉంది. ఇంత చరిత్ర ఉన్న బాట మధ్యలో కంచె, గేటుకు తాళం ఎదురైతే బాధగా ఉంటుంది. హద్దులు కొలిచి రాళ్ళు పాతే పని చాలా చోట్ల మిగిలే ఉంది. మంద ఎదురైతే మేము సైకిల్ దిగి పక్కన నిలబడతాం, దారి మొదట వాళ్ళది.

ఓహోస్ నేగ్రోస్ గ్రీన్‌వే లాంటివి వద్దని నేననను. 1972లో ఆగిపోయిన ఇనుప ఖనిజం రైలు మార్గాన్ని సగుంతో వైపు 160 కిలోమీటర్ల సైకిల్ బాటగా మార్చడం గొప్ప పని. పిల్లలతో వెళ్ళేవాళ్ళకు అదే సరైనది. దాన్నే నమూనాగా తీసుకుని కొండల్లోకి కూడా చదును చేసిన బాటలు, ప్రతి మలుపుకూ బోర్డులు అనుకుంటేనే నా అభ్యంతరం.

ఈ చుట్టు అరగోన్, కస్తీయా-లా మాంచా అనే రెండు స్వయంపాలిత రాష్ట్రాల్లో పడుతుంది. ఒకరు ఒక ఊరి దుకాణాన్ని నిలబెడితే, అవతలివాళ్ళు పక్క ఊళ్ళో నిలబెట్టకపోతే గొలుసు తెగుతుంది. అందుకే ఈ లేఖ మీకు. 2021లో మీ ప్రభుత్వం ప్రకటించిన 130 చర్యల్లో పల్లె సేవలూ ఉన్నాయి, పర్యాటకమూ ఉంది. ఆ రెండు పద్దులనూ ఒక ఊరి కౌంటర్ దగ్గర కలపండి. చలికాలం మొదలయ్యేలోపు ఈ చుట్టు మీద ఉన్న పంచాయతీల మేయర్లను ఒకచోట కూర్చోబెట్టి, ఏ ఊళ్ళో దుకాణం మూతపడే స్థితిలో ఉందో జాబితా రాయించండి. డబ్బు ఆ జాబితాలో మొదటి ఊరితో మొదలుపెట్టండి.

గౌరవాభిమానాలతో,
వాలెన్సియా నుంచి ఒక తెలుగు సైకిలిస్టు