విడిపోయాక పాడిన పాటలు

విశాఖపట్నం

ఒరే మావా,

పెన్‌డ్రైవ్ రెడీ. మా మేనల్లుడు వచ్చే వారం హైదరాబాద్ వస్తున్నాడు, వాడి చేతికిచ్చి పంపిస్తాను. నువ్వు స్టేషన్‌కి వెళ్ళనక్కర్లేదు, వాడే మీ ఇంటికి తెచ్చిస్తాడు. కార్లో పెట్టే ముందు మాత్రం ఈ ఉత్తరం చదువు. ఏ పాట ఎందుకు పెట్టానో, దేన్ని ఎందుకు వదిలేశానో నీకు చెప్పకుండా ఊరుకోలేను.

"బీటిల్స్ బ్యాండ్ విడిపోయాక నలుగురూ ఎవరికి వాళ్ళు చేసిన పాటల్లో మంచివి ఏరి పంపరా" అన్నావు కదా. నాలుగు ఫోల్డర్లు చేసి ఒక్కోదానికి ఒక్కో పేరు పెట్టి పంపుతాననుకుని ఉంటావు. అలా చెయ్యలేదు, నలుగురినీ కలిపేశాను. జాన్ లెనన్ పాటలు గంటసేపు ఆపకుండా వింటే మనసు బరువెక్కిపోతుంది, ఊపిరి పీల్చుకోవడానికి ఎక్కడా సందు దొరకదు. పాల్ మెకార్ట్‌నీవి గంటసేపు వింటే ప్రతి ట్యూనూ బాగుంటుంది గానీ, ఇంత మంచి బాణీకి ఈ మాటలేమిటి అని కొన్నిచోట్ల బాధ కలుగుతుంది. జార్జ్ హారిసన్‌వి వరసగా వింటే అన్నీ ఒకే నడకలో సాగుతున్నట్టుంటాయి. రింగో స్టార్ దగ్గర గంట నింపేటన్ని గొప్ప పాటలు లేవు, ఉన్న నాలుగూ మాత్రం ముత్యాలు. అదే జాన్ పక్కన పాల్‌ని, పాల్ పక్కన జార్జ్‌ని పెట్టి చూడు. ఒకడి దగ్గర లేనిది పక్కవాడి దగ్గర దొరుకుతుంది.

మొత్తం తొంభై నిమిషాలు దాటకూడదని ముందే అనుకున్నాను. మనం రికార్డింగ్ సెంటర్‌కి చీటీ రాసిచ్చి సి-90 క్యాసెట్ చేయించుకున్న రోజుల నుంచీ నాకు ఆ కొలతే అలవాటు. ఆ వైపు నలభై అయిదు, ఈ వైపు నలభై అయిదు. చోటు తక్కువైతేనే మనకి నిజంగా ఏది కావాలో తెలుస్తుంది. ఆదివారం పొద్దున్నే ఆర్కే బీచ్ దగ్గర బయల్దేరితే భీమిలి చేరేసరికి మొదటి సగం, తిరిగొచ్చేసరికి రెండో సగం అయిపోవాలి. బీచ్ రోడ్డు మీద బండి నడుపుతూ, వింటూ, వరస మారుస్తూ తేల్చాను.

"ఇమాజిన్" పెట్టలేదు. అది గొప్ప పాట కాదని కాదు. నువ్వు వెయ్యిసార్లు విన్నావు, వద్దన్నా చెవిన పడుతూనే ఉంటుంది. ఆ జాగాలో నువ్వు విననిది ఒకటి పడుతుంది. "మల్ ఆఫ్ కింటైర్" కూడా లేదు. 1977లో పాల్ చేసిన ఆ పాట బ్రిటన్‌లోనే 20 లక్షల కాపీలు దాటింది, అక్కడ అంత అమ్ముడుపోయిన మొదటి సింగిల్ అదే. బ్యాగ్‌పైపులు వినడానికి హాయిగానే ఉంటాయి గానీ ఈ వరసలో ఎక్కడ పెట్టినా అది విడిగానే నిలబడుతోంది.

మొదలు "ఇన్‌స్టంట్ కర్మ". జాన్ 1970 జనవరి 27న పొద్దున రాసి, ఆ రాత్రే రికార్డు చేశాడు. పది రోజుల్లో లండన్ షాపుల్లోకి వచ్చేసింది. గిటార్ జార్జ్‌ది. అప్పటికి బ్యాండ్ విడిపోయినట్టు లోకానికి తెలియదు. జాన్ మాత్రం వెళ్ళిపోతున్నానని 1969 సెప్టెంబర్‌లోనే మిగతావాళ్ళకి చెప్పేశాడు. పాల్ బయటపెట్టింది 1970 ఏప్రిల్ 10న. కాబట్టి లెక్క ప్రకారం ఈ పాట విడిపోకముందుదే అని నువ్వు వాదించొచ్చు. కానీ ఆ డ్రమ్స్ మోత విన్నాక దీన్ని మించిన మొదలు ఉంటుందా చెప్పు.

వెంటనే పాల్ "మేబీ ఐయామ్ అమేజ్డ్". బ్యాండ్ చెదిరిపోయిన దిగులులో ఉన్న తనని భార్య లిండా నిలబెట్టిందని రాసుకున్న పాట ఇది. పియానో, గిటార్, బేస్, డ్రమ్స్ అన్నీ అతనొక్కడే వాయించాడు. గొంతు చీరుకుపోయేలా అరిచే చోట అతని మీద ఉన్న "తియ్యటి పాటలవాడు" అన్న ముద్ర ఎగిరిపోతుంది. తర్వాత లైవ్ వెర్షన్ ఒకటి హిట్టయింది గానీ నేను పెట్టింది మొదటిదే. ఆ తర్వాత రింగో "ఇట్ డోంట్ కమ్ ఈజీ". ప్రొడ్యూస్ చేసిందీ గిటార్ వాయించిందీ జార్జే. చూశావా, అప్పుడే జార్జ్ రెండు పాటల్లో కనిపించాడు, ఇంకా తన పాట రానే లేదు. విడిపోయారు అంటాం గానీ ఒకరి రికార్డుల్లో ఒకరు తిరుగుతూనే ఉన్నారు.

ఇక నాలుగోది. ఇక్కడ కాసేపు ఆగుతాను. ఆర్కే బీచ్ నుంచి బయల్దేరితే ఈ పాట వచ్చేసరికి మనం తెన్నేటి పార్క్ దాపుల్లోకి వస్తాం. 2020 అక్టోబర్‌లో వాయుగుండం గాలికి బంగ్లాదేశ్ సరుకు ఓడ కొట్టుకొచ్చి బండల మీదికి ఎక్కేసింది చూడు, ఊరు ఊరంతా చూడ్డానికి వెళ్ళింది, అదే చోటు. అక్కడ మోగేలా జార్జ్ పాట "బంగ్లాదేశ్" పెట్టాను. 1970 నవంబర్‌లో భోలా తుఫాను తూర్పు పాకిస్తాన్ తీరాన్ని ముంచేసి లక్షల మందిని పొట్టన పెట్టుకుంది. ఆ మరుసటి ఏడాది యుద్ధం, కోటి మంది దాకా శరణార్థులై మన దేశంలోకి వచ్చారు. పండిట్ రవిశంకర్ వెళ్ళి జార్జ్ దగ్గర తన బాధ చెప్పుకున్నాడు. జార్జ్ ఆలోచిస్తూ కూర్చోలేదు. ఫోన్లు చేసి తనకి తెలిసినవాళ్ళందరినీ పోగేసి, 1971 ఆగస్టు 1న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి, రెండు కచేరీలు పెట్టించాడు. రింగో వచ్చాడు. జాన్, పాల్ రాలేదు. పాట మొదట్లో మెల్లగా, స్నేహితుడొకడు కళ్ళలో దిగులు పెట్టుకుని తన దగ్గరికి వచ్చాడని మాట్లాడుతున్నట్టే పాడి, తర్వాత వేగం అందుకుంటాడు. ఒక్క స్నేహితుడు అడిగాడని ఎక్కడో ఇంగ్లండ్‌లో పుట్టినవాడు మన బంగాళాఖాతం ఒడ్డున కొట్టుకుపోయినవాళ్ళ కోసం పాట కట్టాడు. 2014 హుద్‌హుద్ రోజున గాలి తలుపుల్ని తోసేస్తుంటే ఇంట్లో అందరం బీరువా అడ్డం పెట్టి కూర్చున్నాం, నీకు ఫోన్లో చెప్పాను. ఆ చప్పుడు విన్నవాళ్ళకి ఈ పాట వేరేగా వినిపిస్తుంది. ట్యూన్‌గా చూస్తే ఇది జార్జ్ పాటల్లో మొదటి వరసది కాదు, ఆ సంగతి నాకు తెలుసు. అయినా దీన్ని తియ్యను.

తర్వాత "మదర్". ముందు గంట మోగుతుంది, చావు గంట, నాలుగుసార్లు. అది పూర్తిగా ఆగాక జాన్ గొంతు. చిన్నప్పుడే తండ్రి వదిలేసి పోయాడు. తల్లి 1958లో కారు గుద్ది చనిపోయింది, అప్పటికి జాన్‌కి 17 ఏళ్ళు. వాయిద్యాలు మూడే: పియానో, బేస్, డ్రమ్స్. ఆ డ్రమ్స్ రింగోవి. ఒక్క దెబ్బ కూడా ఎక్కువ కొట్టడు, స్నేహితుడు ఏడుస్తుంటే పక్కన మాట్లాడకుండా కూర్చున్న మనిషిలా వాయిస్తాడు. చివర్లో అమ్మని వెళ్ళొద్దని, నాన్నని ఇంటికి రమ్మని అవే మాటలు తిప్పి తిప్పి పాడుతూ, పాట కాస్తా అరుపైపోతుంది. కార్లో పిల్లలుంటే దీన్ని దాటించు. ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం వాల్యూమ్ పెంచి విను.

దాని పక్కన నేను చాలా ఇష్టంగా పెట్టిన జంట ఉంది. 1971లో పాల్ "రామ్" ఆల్బమ్‌లో జాన్‌కి తగిలేలా ఒకటి రెండు చురకలు వేశాడు. జాన్ ఊరుకుంటాడా, తన "ఇమాజిన్" ఆల్బమ్‌లో "హౌ డూ యూ స్లీప్" అని పాల్‌ని ఎడాపెడా వాయించేశాడు, దాంట్లో గిటార్ మళ్ళీ జార్జే. పాటగా బాగుంటుంది, పట్టు ఉంటుంది. అయినా పెట్టలేదు. కోపంలో అన్న మాటని యాభై ఏళ్ళ తర్వాత మనం మోసుకు తిరగడమెందుకు? అదే ఆల్బమ్‌లోని "జెలస్ గై" పెట్టాను. ఆ ట్యూన్ 1968లో రిషికేశ్ వెళ్ళినప్పటిది. అప్పుడు మాటలు వేరు, ప్రకృతి గురించి ఏదో రాసుకుని పక్కన పడేశాడు. అదే బాణీకి తర్వాత క్షమాపణ మాటలు వచ్చి చేరాయి. దాని వెనకాలే పాల్ "డియర్ ఫ్రెండ్". జాన్‌ని ఉద్దేశించి రాసింది, అదే ఏడాది చివర్లో వచ్చింది. పియానో మీద మెల్లగా, తడుముకుంటున్నట్టు మొదలవుతుంది. తిట్లేమీ లేకుండా, ఇంతటితో అయిపోయినట్టేనా, నిజంగానే భయపడుతున్నావా అని అడుగుతాడు. ఈ రెండింటినీ వెంటవెంటనే విను మావా. విడివిడి ఆల్బమ్‌లలో విన్నన్నాళ్ళూ ఒకటి భార్యకి, ఒకటి స్నేహితుడికి అనిపించినవి, పక్కపక్కన పెట్టేసరికి ఇద్దరూ ఒక గదిలో కూర్చున్నట్టుంది. నేను నలుగురినీ కలిపింది ఇలాంటి చోట్ల కోసమే.

"మై స్వీట్ లార్డ్" గురించి నీకు చెప్పేదేముంది అనుకోకు. చివరి రెండు నిమిషాలు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విను. వెనక కోరస్ మొదట "హల్లెలూయా" అంటుంది, నువ్వు గమనించేలోపే "హరే కృష్ణ"లోకి జారుతుంది, ఆ తర్వాత "గురుర్బ్రహ్మ గురుర్విష్ణుః" శ్లోకం. మా అమ్మ వంటింట్లోంచి వచ్చి, ఇదేమిట్రా మన ప్రార్థన శ్లోకం వీళ్ళు పాడుతున్నారు అని నిలబడిపోయింది. చివరిదాకా కదల్లేదు. బీటిల్స్‌లో విడిగా పాడి మొదట నంబర్ వన్ అయింది ఈ జార్జే, బ్యాండ్‌లో మామూలుగా ఆల్బమ్‌కి ఒకటి రెండు పాటలకి మించి చోటు దొరకనివాడు. అలా మిగిలిపోయిన పాటలూ కొత్తవీ కలిపి 1970 నవంబర్‌లో మూడు రికార్డుల ఆల్బమ్ తెచ్చాడు. ఈ ట్యూన్ పాత అమెరికన్ పాట ఒకదాన్ని పోలి ఉందని కేసు పడింది, తెలియకుండానే కాపీ జరిగిందని 1976లో జడ్జి తేల్చాడు. అయితే అయింది. ఆ మూడు రికార్డుల్లోంచే "ఇజింట్ ఇట్ ఎ పిటీ" తీసుకున్నాను. ఏడు నిమిషాల పైనే ఉంటుంది, దానితో మొదటి సగం ముగుస్తుంది, ఎదురుగా భీమిలి.

తిరుగు ప్రయాణం "బ్యాండ్ ఆన్ ద రన్"తో. మూడు ముక్కల్ని అతికించిన పాట, మూడోది తెరుచుకునే చోట ఎవరైనా యాక్సిలరేటర్ కాస్త నొక్కుతారు, జాగ్రత్త. 1973లో పాల్ రికార్డింగ్‌కి నైజీరియాలోని లాగోస్ బయల్దేరుతుంటే, సరిగ్గా ముందు అతని కొత్త బ్యాండ్ వింగ్స్‌లో ఇద్దరు తప్పుకున్నారు. అక్కడికి వెళ్ళాక కత్తులు చూపించి డెమో టేపులు కూడా ఎత్తుకుపోయారు. గుర్తున్నదాన్నిబట్టి మళ్ళీ కట్టుకుని, డ్రమ్స్ కూడా తనే వాయించి, తన జీవితంలోనే మంచి ఆల్బమ్ తెచ్చాడు.

మధ్యలో జార్జ్ "గివ్ మీ లవ్", జాన్ "నంబర్ నైన్ డ్రీమ్" ఉన్నాయి. వాటి గురించి చెప్పను, వింటే చాలు. జాన్ "వాచింగ్ ద వీల్స్" మాత్రం నీ కోసం పెట్టాను. 1975లో కొడుకు షాన్ పుట్టాక అయిదేళ్ళు పాటలు మానేసి ఇంట్లో పిల్లాణ్ణి చూసుకున్నాడు. అందరూ ఏమైపోయావయ్యా అని అడిగితే దానికి జవాబు ఈ పాట. నువ్వు ఉద్యోగం మానేసి నాన్నగారి దగ్గర ఉన్నప్పుడు నిన్నూ అందరూ అదే అడిగారు కదా. ఈ పాట ఉన్న ఆల్బమ్ 1980 నవంబర్‌లో వచ్చింది. డిసెంబర్ 8న జాన్‌ని కాల్చి చంపేశారు.

ఆ వెంటనే రెండు పాటలు అతని కోసం మిగతావాళ్ళు చేసినవి. 1981లో జార్జ్ "ఆల్ దోజ్ ఇయర్స్ అగో", దాంట్లో డ్రమ్స్ రింగో, వెనక గొంతుల్లో పాల్. ముగ్గురూ ఉన్నారు, నాలుగోవాడి గురించే పాడారు. 1982లో పాల్ "హియర్ టుడే", గిటారూ నాలుగు తీగవాద్యాలూ అంతే. అన్నిటికన్నా ఆఖరున రింగో "ఫొటోగ్రాఫ్". జార్జ్, రింగో కలిసి రాసిన పాట. జార్జ్ 2001 నవంబర్ 29న పోయాడు, సరిగ్గా ఏడాదికి లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో అతని జ్ఞాపకార్థం పెట్టిన కచేరీలో రింగో ఇదే పాడాడు. గొప్ప గాయకుడు కాదంటారు రింగోని. ఇది విన్నాక ఆ మాట ఇంకోసారి నా ముందు అనకు.

2023లో వచ్చిన "నౌ అండ్ దెన్" అడుగుతావని తెలుసు. అది బీటిల్స్ పేరు మీద వచ్చింది కాబట్టి ఇందులోకి రాదు.

ఒక్క చోట మాత్రం నాకింకా తెగలేదు. రెండో సగంలో పాల్ "లెట్ మీ రోల్ ఇట్" పెట్టాను, జాన్ పాడుతున్నాడా అనిపించేంత మోటు గిటార్ ఉంటుంది. దాని బదులు "అంకుల్ ఆల్బర్ట్" పెడితే రెండో సగం మరీ బరువెక్కకుండా ఉంటుందేమో. రెండూ పట్టవు, తొంభై దాటిపోతుంది. రెండో పాటని విడిగా వేరే ఫోల్డర్‌లో వేశాను. నువ్వు రెండు రకాలుగానూ వినిచూసి ఏది ఉంచాలో ఫోన్ చెయ్యి. సంక్రాంతికి మీరొచ్చేలోపు ఇది తేలిపోవాలి. పిల్లల్ని వెనక సీట్లో వేసుకుని పొద్దున్నే భీమిలి వెళ్దాం. మా చెల్లెమ్మకి నా తరఫున చెప్పు, నాన్నగారికి నమస్కారాలు.

నీ మావ