అంగడి, సత్రం, ఊరు: రెస్టన్‌లోని మన సంఘం 2025 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన తెలుగు సంఘం అన్నిటికన్నా ఎక్కువ సమయం ఒకే పని మీద పెట్టింది. అమెరికా రాజధాని వాషింగ్టన్‌కు దగ్గర్లో, వర్జీనియాలో ఉన్న మన రెస్టన్ టౌన్ సెంటర్‌లో, దాని నడుమనున్న హయత్ హోటల్‌లో, అంతకు ముందటి లేక్ యాన్ దుకాణాల్లో మనం వారం వారం తిరుగుతుంటాం. వాటి చరిత్రను తెలుగులో రాసిపెట్టాలని పూనుకున్నాం. ఉగాది, బతుకమ్మ, దీపావళి ఎప్పటిలాగే బాగా జరిగాయి. వాటి ఫొటోలు అందరి ఫోన్లలో ఉన్నాయి కాబట్టి ఇక్కడ మళ్ళీ రాయడం లేదు. జమాఖర్చులు కోశాధికారి గారు సర్వసభ్య సమావేశంలో చదివి వినిపిస్తారు.

ఈ పని ఎలా మొదలైందో చెప్పాలి. విశ్వావసు ఉగాది రోజున భోజనాల దగ్గర తెలుగు బడి పిల్లాడొకడు “రెస్టన్ అనే పేరు ఎందుకు పెట్టారు?” అని అడిగాడు. ఆ బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళలో ఇక్కడ ఇరవై ఏళ్ళు దాటినవాళ్ళే ఎక్కువ. ఒక్కరం కూడా జవాబు చెప్పలేకపోయాం. మా అమ్మమ్మ వాళ్ళ ఊరికి ఆ పేరు ఎలా వచ్చిందో నేను ఇప్పటికీ కథలాగా చెప్పగలను. నా పిల్లలు పుట్టి పెరిగిన ఊరి గురించి చెప్పడానికి నోట మాట రాలేదు. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. మరుసటి వారమే కార్యవర్గం కూర్చుని, పిల్లల్నీ పెద్దల్నీ వెంటబెట్టుకుని ఊరు నడవాలని నిర్ణయించింది. మొత్తం మూడు శనివారాలు నడిచాం.

పిల్లాడి ప్రశ్నకు జవాబు చిన్నదే. ఈ ఊరు కట్టించిన రాబర్ట్ ఇ. సైమన్ పేరుకు ఇంగ్లిష్ పొడి అక్షరాలు ఆర్, ఇ, ఎస్. వాటికి ఊరు అనే అర్థంలో ‘టన్’ చేర్చారు. కానీ కథ ఆయన కంటే చాలా ముందే మొదలవుతుంది.

ఈ నేల మీద అంగడి కన్నా ముందు సత్రం వచ్చింది. మనం రోజూ దాటే వీలీ ఎవెన్యూ, వీలీ పేరున్న మెట్రో స్టేషన్ తెలుసు కదా. కార్ల్ అడాల్ఫ్ మాక్స్ వీలీ ఒక డాక్టరు. 1880లలో ఇక్కడ వేల ఎకరాల భూమి సంపాదించి, పద్ధతిగా ఒక ఊరు కట్టాలని ప్లాన్ గీయించారు. అప్పట్లో వాషింగ్టన్ నుంచి రైలు ఈ పొలాల మీదుగా పోయేది. నగరంలో వేసవి ఉక్కకు తాళలేని కుటుంబాలు వచ్చి దిగడానికి ఆయన ఒక హోటల్ కట్టించారు. దానికి ఎస్కులేపియన్ అని గ్రీకుల వైద్య దేవుడి పేరు పెట్టారు. హోటల్ అయితే లేచింది గానీ అనుకున్న ఊరు రాలేదు. 1901లో ఆయన కన్నుమూశారు. ఆ రైలు దారి ఇప్పుడు మనం సైకిళ్ళు తొక్కే 45 మైళ్ళ డబ్ల్యూ అండ్ ఓడీ కాలిబాట.

తర్వాత ఆ భూమి బోమన్ కుటుంబం చేతికి వచ్చింది. మద్యనిషేధం ఎత్తేశాక వాళ్ళు ఇక్కడ విస్కీ తయారీ పెట్టారు.

1961లో సైమన్ వచ్చారు. న్యూయార్క్‌లోని కార్నెగీ హాల్ ఆయన కుటుంబానిది. దాన్ని అమ్మగా వచ్చిన డబ్బు పెట్టుబడిగా 6,750 ఎకరాలు కొన్నారు. ఇళ్ళు ఒక చోట, దుకాణాలు ఇంకో చోట, ఆఫీసులు మరో చోట ఉండాలన్నది అప్పటి స్థల నిబంధన. అన్నీ కలిపి కట్టుకోవడానికి వీలుగా, ఈ ఊరుండే ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ 1962లో కొత్త నిబంధన తెచ్చింది. 1964 ఏప్రిల్ 10న, సైమన్ యాభయ్యో పుట్టినరోజున రెస్టన్ పుట్టింది. ఇళ్ళు ఏ రంగు మనిషికైనా అమ్ముతామని మొదటి రోజు నుంచే చెప్పారు. ఇళ్ళ అమ్మకంలో వివక్షను నిషేధించే ఫెడరల్ చట్టం 1968లో గానీ రాలేదు. వర్జీనియాలో ఆ రోజుల్లో అలా నిలబడటం ఎంత పెద్ద మాటో పిల్లలకు విడమరిచి చెప్పాం. మనవాళ్ళు తర్వాత ఇక్కడ నిశ్చింతగా ఇళ్ళు కొనుక్కున్నామంటే అందులో ఆ మాట చలవ ఉందని నేను గట్టిగా నమ్ముతాను.

లేక్ యాన్ ప్లాజా మొదటి దుకాణ కేంద్రం. అక్కడి చెరువుకు సైమన్ భార్య పేరు పెట్టారు. కింద దుకాణం, పైన కాపురం, ఎదురుగా నీళ్ళు. విజయవాడ వన్‌టౌన్‌లో పెరిగిన మా ఉపాధ్యక్షురాలు చూడగానే “అచ్చం మా వీధిలాగే ఉందండీ, కార్లే లేవు” అన్నారు. అక్కడి చిక్కు కూడా అదే. కార్లు వెనకాలే ఆగుతాయి. రోడ్డు మీద పోయేవాళ్ళకు దుకాణాలు కనబడవు. ఊరు అనుకున్నంత వేగంగా నిండలేదు. డబ్బు పెట్టిన గల్ఫ్ ఆయిల్ 1967లో సైమన్‌ను తప్పించింది. ఆ తర్వాత కట్టిన పేట దుకాణాల్లో కొన్ని రోడ్డుకు ముఖం పెట్టి, ముందు పెద్ద పార్కింగ్ పెట్టుకున్నాయి. వాటిలోనూ అన్నీ నిలవలేదు. టాల్ ఓక్స్ అనే పేటలో దుకాణాలు ఒక్కొక్కటీ మూతబడ్డాయి, ఇప్పుడక్కడ ఇళ్ళున్నాయి. లేక్ యాన్ మాత్రం ఉంది. 2017లో జాతీయ చారిత్రక స్థలాల జాబితాలోనూ చేరింది. శనివారం సంతకు మనలో చాలామంది ఇప్పటికీ అక్కడికే వెళ్తున్నాం.

ఇక టౌన్ సెంటర్. ఊరి నడిబొడ్డుకని స్థలం మొదటి నుంచీ ఉంచారు. మరి 1990 దాకా ఎందుకు ఆగింది? మూడో నడకలో అందరికీ ఆశ్చర్యం కలిగించిన సంగతి ఇదే. డల్లెస్ విమానాశ్రయం 1962లో తెరిచారు. దాని రహదారి రెస్టన్ మధ్య నుంచే పోయేది, కానీ విమానం ఎక్కేవాళ్ళకే. ఊళ్ళోవాళ్ళు ఆ రోడ్డును వాడుకోవడానికి వీల్లేదు. 1984లో పక్కనే టోల్ రోడ్డు వచ్చాక ఆఫీసులు వరస కట్టాయి. అప్పటికి భూమి మోబిల్ ఆయిల్ కంపెనీ చేతిలో ఉంది. 1990 అక్టోబరులో మార్కెట్ స్ట్రీట్ మీద దుకాణాలు, ఆఫీసు భవనాలు, ఐదు వందలకు పైగా గదులున్న హయత్, మెర్క్యురీ ఫౌంటెన్ తెరుచుకున్నాయి.

దేశమంతా పైకప్పున్న మాల్స్ కడుతున్న కాలంలో వీళ్ళు వీధి వేశారు. పార్కింగ్‌ను వెనక అంతస్తుల్లోకి నెట్టారు. హోటల్‌ను టోల్ రోడ్డు పక్కన విడిగా పెట్టకుండా వీధి మధ్యలో పెట్టడం వీటన్నిటిలో తెలివైన పని అని నాకనిపిస్తుంది. సాయంత్రం ఆరింటికి ఆఫీసులు ఖాళీ అవుతాయి. హోటల్‌లో దిగినవాళ్ళు అప్పుడే కిందికి దిగి తింటారు, తిరుగుతారు. వీధిలో దీపాలు, మనుషులు ఉంటే ఊళ్ళోవాళ్ళూ వస్తారు. వీలీ గారి హోటల్ చుట్టూ ఊరు లేదు. లేక్ యాన్ దుకాణాల పక్కన సత్రం లేదు. ఇక్కడ రెండూ ఒకే వీధిలో కుదిరాయి. థాంక్స్‌గివింగ్ మర్నాటి ఊరేగింపు 1991 నుంచి ఈ వీధిలోనే.

2017లో పార్కింగ్‌కు డబ్బు తీసుకోవడం మొదలైనప్పుడు ఊళ్ళో ఎంత గొడవ జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. చిన్న దుకాణాలవాళ్ళు చాలా టెన్షన్ పడ్డారు. తర్వాత సాయంత్రం వేళ ఉచితం చేశారు. జనం వచ్చి తిరగడం మీదే బతికే వీధికి ఒక చిన్న అడ్డంకి కూడా ఎంత నష్టం చేయగలదో అప్పుడు చూశాం. 2022 నవంబరు 15న టౌన్ సెంటర్ మెట్రో స్టేషన్ తెరిచారు. ఇప్పుడు కారు లేని మన విద్యార్థులు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు కూడా ఎవరినీ అడగకుండా వెళ్ళి ఫౌంటెన్ దగ్గర కూర్చుంటున్నారు.

సభ్యుల జ్ఞాపకాలు కూడా రాసుకుంటున్నాం. ఒక పెద్దాయన వై2కే రోజుల్లో ఇక్కడికి ఉద్యోగానికి వచ్చి, మొదటి రాత్రి హోటల్ కిటికీలోంచి స్కేటింగ్ చేస్తున్న పిల్లల్ని చూస్తూ నిలబడిపోయారట. పెళ్ళై ఆర్నెల్లు, భార్య గుంటూరులో ఉంది. “ఎప్పటికైనా ఇక్కడికి తీసుకురావాలి అనుకున్నాను” అన్నారు. ఆవిడ పక్కనే కూర్చుని వింటున్నారు. ఇలాంటివి పోగొట్టుకోకూడదు.

సైమన్ 1993లో తిరిగి వచ్చి లేక్ యాన్ పక్కనే ఉన్నారు. 2015 సెప్టెంబరు 21న, 101 ఏళ్ళ వయసులో పోయారు. చెరువు గట్టున బెంచీ మీద ఆయన కంచు విగ్రహం ఉంది. మొదటి నడక రోజున ప్రశ్న అడిగిన పిల్లాడు దాని పక్కనే కూర్చుని ఫొటో దిగాడు.

రాసినదాన్ని వచ్చే ఏడాది చిన్న పుస్తకంగా వేయాలని ఉంది. దానికి మీ సాయం కావాలి. 1990లలో ఇక్కడికి వచ్చినవాళ్ళ దగ్గర టౌన్ సెంటర్ పాత ఫొటోలు ఉంటే, ముఖ్యంగా చుట్టూ ఇంకా ఖాళీ స్థలం కనిపించేవి ఉంటే, జనవరి నెలాఖరులోగా నాకు ఇవ్వండి. స్కాన్ చేసి వారం లోపల మీ ఇంటికే తెచ్చి ఇస్తాను.

ఇట్లు,
కార్యదర్శి