రాళ్లే కదా అని పారబోశారు

సంపాదకులు గారికి,

పోయిన నెల మా ఊళ్లో ఒక కాలేజీ పాత భవనానికి మరమ్మతులు మొదలుపెట్టారు. ఎప్పుడో మూతపడ్డ జియాలజీ ల్యాబ్‌లో ఉన్న రాళ్లన్నీ ట్రాక్టర్‌కెత్తి గుంట పూడ్చడానికి పోసేశారు. సంగతి తెలిసి నేను వెళ్లేసరికి వరండాలో ఒకే ఒక్క ట్రే మిగిలింది. అందులో మన వేమవరం దగ్గర రాళ్లలో దొరికే ఆకుల శిలాజాల అచ్చులు రెండు, ఒక సున్నపురాయి ముక్క. దాని చీటీ సగం చిరిగిపోయి ‘కాతేరు’ అన్న మాట మాత్రం కనబడుతోంది.

రాజమండ్రి పక్కనున్న కాతేరు అది. ఆ చుట్టుపక్కల లావా పొరల మధ్య దొరికే సున్నపురాళ్లలో సముద్రపు ఆకుపచ్చ నాచు శిలాజాలున్నాయని ఎస్.ఆర్. నారాయణరావు, కె. శ్రీపాదరావు, ఆస్ట్రియాకు చెందిన జూలియస్ పియా 1937లోనే రాశారు.

ఈ జాతి నాచుల్లో చాలావాటికి ఒంటి నిండా సున్నమే. హాలిమిడా అనే నాచులోనైతే అది సూదుల్లాంటి అరగొనైట్ స్ఫటికాలుగా పేరుకుంటుంది. ఇదీ, సున్నపురాళ్లలో మామూలుగా ఉండే కాల్సైటూ రెండూ కాల్షియం కార్బొనేటే, లోపలి పరమాణువుల అమరిక వేరు. అరగొనైట్ నిలకడ లేనిది. వాననీరు రాతిలోకి దిగితే కరిగి, కాల్సైట్‌గా మళ్లీ గడ్డకడుతుంది. నాచు ఆకారం మిగులుతుంది, సూదులు మిగలవు. బంకమట్టి చుట్టూ బిగుసుకుని నీటిని రానివ్వని చోట మాత్రం అసలు సూదులు కోట్ల ఏళ్లు ఉండిపోయిన సందర్భాలున్నాయి. ఆనాటి సముద్రపు నీటి గుణం తెలుసుకోవాలంటే అలాంటివే కావాలి. మారిపోయిన రాయిలో, సముద్రపు నీటి నుంచి చేరిన స్ట్రాన్షియం అనే మూలకం లెక్క చెదిరిపోతుంది.

ఉద్యోగంలో ఉన్నప్పుడు కొత్తపట్నం బీచ్‌లో ఏరిన గవ్వను పొడిచేసి కోబాల్ట్ నైట్రేట్‌లో మరిగించి చూపించేవాణ్ని. అరగొనైట్ కాబట్టి పొడి ఊదారంగుకు తిరిగేది. పక్క గిన్నెలోని కాల్సైట్ పొడికి ఆ రంగు పట్టేది కాదు. పిల్లలు గిన్నెల మీద పడి చూసేవాళ్లు. నా దగ్గరున్న ముక్క ఉత్త కాల్సైటే కావచ్చు. గుంటలో పడ్డవాటికి ఆ పరీక్ష ఇక ఎవరు చేస్తారు?

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో మూతపడిన ల్యాబుల రాళ్లను, చీటీలు ఊడకముందే, నడుస్తున్న ఏదో ఒక కాలేజీకి చేర్చమని ఉన్నత విద్యాశాఖ ఆదేశించాలి. పెద్ద ఖర్చేమీ కాదు. ఇనుప రాక్‌లు చాలు. కొత్త ప్లైవుడ్ బీరువాలు మాత్రం కొనొద్దు, వాటిలోంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి సున్నపు శిలాజాల మీద తెల్లటి పొడి లేచి పాడైపోతాయి.

ఆ ట్రే ప్రస్తుతం మా ఇంట్లో, కుట్టుమిషన్ కింద ఉంది. ఏ కాలేజీ అడిగినా నేనే తెచ్చి ఇస్తాను.

– ఒక విశ్రాంత జియాలజీ లెక్చరర్, ఒంగోలు