సెలియా క్రూజ్ అంటే విగ్గులేనా?

సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో క్యూబా గాయని సెలియా క్రూజ్ మీద వ్యాసం చూసి సంతోషించాను. చదివాక నీరుగారిపోయాను. సగం వ్యాసం ఆమె రంగు విగ్గులకూ ఎత్తు చెప్పులకూ సరిపోయింది. పిల్లలకు సంగీతం చెప్పి రిటైరైన దాన్ని, ఊరుకోలేక రాస్తున్నాను.

1925లో హవానాలో పుట్టిన ఆమెను తండ్రి టీచరును చేయాలనుకున్నారు. 1950లో సొనోరా మతాన్సెరా బృందంలో చేరినప్పుడు, పాత గాయనికి అలవాటుపడ్డ శ్రోతలు ఒప్పుకోలేదు. బృంద నాయకుడు రొహేలియో మార్టినెజ్ పట్టుబట్టి నిలబెట్టారు. ఆయన పేరు మీ వ్యాసంలో ఎక్కడా లేదు!

1960లో బృందంతో మెక్సికో వెళ్లిన ఆమె మళ్లీ సొంత ఇంటి గడప తొక్కలేదు. 1962లో తల్లి పోతే, అంత్యక్రియలకు కూడా క్యూబాలోని కాస్ట్రో ప్రభుత్వం రానివ్వలేదు. 1990లో క్యూబా గడ్డ మీదే ఉన్న గ్వాంటనామోలోని అమెరికా సైనిక స్థావరంలో పాడడానికి వెళ్లి, అక్కడి మట్టి గుప్పెడు వెంట తెచ్చుకున్నారు. 2003లో ఆమెను ఆ మట్టితోనే ఖననం చేశారు.

ఇక అసలు సంగతి, పాట. గొంతు మంద్రంలో, నిండుగా ఉంటుంది. పాట రెండో భాగంలో వంతపాటవారు ఒకే పంక్తి పట్టుకుంటే, ఆమె దాని చుట్టూ అప్పటికప్పుడు అల్లుకుంటూ పోతారు, మన కర్ణాటక సంగీతంలోని నెరవులులాగా. లయ మాత్రం వెంట్రుకవాసి తప్పదు. 1974లో సంగీతకారుడు జానీ పచేకోతో చేసిన రికార్డు వింటే తెలుస్తుంది. అప్పటికి ఆమెకు యాభై దగ్గరపడుతోంది. ఈసారి రాసేవారిని ముందు అది వినమనండి.

— ఒక పాఠకురాలు