అప్‌డేట్ల గడువు ఫోన్ పెట్టె మీదే అచ్చేయాలి

సంపాదకులు గారికి నమస్కారం.

పండగ సీజన్ వస్తే ఏ పేపర్ తిరగేసినా మొదటి పేజీ నిండా ఫోన్ల ప్రకటనలే. ఒకప్పుడు కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లు, ఛార్జింగ్ ఎంతసేపు ఉంటుంది అని చెప్పేవారు. ఇప్పుడు వాటి పక్కనే ‘4 ఏళ్ల ఓఎస్ అప్‌గ్రేడ్లు’, ‘6 ఏళ్ల సెక్యూరిటీ అప్‌డేట్లు’ అని పెద్ద అక్షరాల్లో వేస్తున్నారు. ఓఎస్ అంటే ఫోన్‌ను నడిపే అసలు సాఫ్ట్‌వేర్. దాని కొత్త వెర్షన్ ఇవ్వడం అప్‌గ్రేడ్, దొంగలు చొరబడే లొసుగులు మూయడం సెక్యూరిటీ అప్‌డేట్. ఆ మాట నమ్మే రెండు మూడు వేలు ఎక్కువైనా ఫర్వాలేదని జనం కొంటున్నారు. తర్వాత ఆ అప్‌గ్రేడ్ రాకపోతే కంపెనీని చట్టం ముందు నిలబెట్టవచ్చా? నిలబెట్టవచ్చనే నేను గట్టిగా నమ్ముతున్నాను. అయితే మన దేశంలో ఇప్పుడున్న పద్ధతి చూస్తే, అది మామూలు కొనుగోలుదారు వల్ల అయ్యే పనిలా లేదు.

నేను కొన్న ఫోన్‌కు మూడు ఆండ్రాయిడ్ అప్‌గ్రేడ్లు ఇస్తామని ప్రకటించారు. ఒకటి వచ్చింది, అంతే. సర్వీస్ సెంటర్‌కు వెళ్తే కౌంటర్లో ఉన్న అబ్బాయి బిల్లు తీసుకుని, తేదీ మీద వేలు పెట్టి, ‘వారంటీ అయిపోయింది కదా మేడమ్’ అన్నాడు. నేనడిగేది వారంటీ సంగతి కాదు బాబూ, అప్‌గ్రేడ్ సంగతి అంటే, ‘అది పైనుంచి రావాలి మేడమ్, మా చేతిలో ఏముంది’ అన్నాడు. ఆ అబ్బాయిని అనడానికేం లేదు. కానీ ఇక్కడే అసలు తిరకాసు ఉంది. వస్తువు పాడైతే బాగుచేసి ఇస్తామనేది వారంటీ, దానికి సాధారణంగా ఏడాది గడువు. అప్‌గ్రేడ్ అలాంటిది కాదు. వారంటీ ముగిసిన తర్వాత కూడా ఇస్తామని విడిగా చెప్పి, ఆ మాట చూపించి డబ్బు తీసుకున్నారు. రెండూ ఒకటే అన్నట్టు మాట్లాడితే కంపెనీ నెత్తి మీద భారం దిగిపోతుంది.

ప్రకటన అనేది ఉత్త ఆహ్వానమే, ఒప్పందం కాదు అని లాయర్లు వాదిస్తారు. ‘ప్రపంచంలోనే అందమైన ఫోన్’ అంటే అది గొప్పలు చెప్పుకోవడమే, దాని మీద ఎవరూ కేసు వేయరు. అంకె వేసి, గడువు చెప్పి ఇచ్చిన మాట వేరు. 1892లో ఇంగ్లండ్ కోర్టు కార్బాలిక్ స్మోక్ బాల్ కేసులో తేల్చింది ఇదే. మా మందు వాడినా ఇన్‌ఫ్లుయెంజా వస్తే 100 పౌండ్లు ఇస్తామని ప్రకటించిన కంపెనీ, తీరా అడిగితే అది ప్రకటన మాత్రమే అంది. కుదరదు, డబ్బు కట్టాల్సిందే అన్నారు జడ్జీలు. మన లా కాలేజీల్లో కాంట్రాక్టు చట్టం పాఠంలో ఇప్పటికీ ఈ కేసు చెబుతారు.

మన 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఇంకా సూటిగా ఉంది. అబద్ధపు హామీ ఇచ్చే ప్రకటనను అది తప్పుదోవ పట్టించే ప్రకటన అంటుంది. నెరవేరే అవకాశం సరిగా లేకుండా వారంటీ లాంటి మాట ఇవ్వడం అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. తప్పుదోవ పట్టించే ప్రకటనకు కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మొదటిసారి 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయవచ్చు. 2022 జూన్‌లో వచ్చిన మార్గదర్శకాలు మరో మంచి మాట చెప్పాయి. ప్రకటన ఏ భాషలో ఉంటే దాని షరతు కూడా ఆ భాషలోనే ఉండాలి. మరి ఈరోజు పేపర్లో ఫోన్ ప్రకటన చూడండి. హామీ తెలుగులో అరచేతంత ఉంటుంది. దాని పక్కన ఒక నక్షత్రం గుర్తు. ఆ గుర్తు పట్టుకుని పేజీ అడుగుకు వెళ్తే చీమ తలకాయంత ఇంగ్లిష్ అక్షరాలు!

ఆ చిన్న అక్షరాల్లో దాగే విషయాల్లో ముఖ్యమైనది, ఏళ్లు ఎప్పటి నుంచి లెక్క అనేది. మనం కొన్న రోజు నుంచి అనుకుంటాం. వాళ్లు ఆ మోడల్ మార్కెట్లోకి వచ్చిన రోజు నుంచి లెక్కేస్తారు. గూగుల్ పిక్సెల్ 8కి 7 ఏళ్లు అంటే, అమెరికాలో అది అమ్మకానికి వచ్చిన 2023 అక్టోబరు నుంచి 7 ఏళ్లు. 2025 దసరాకు హైదరాబాద్‌లో కొన్నవారికి మిగిలేది 5. గూగుల్ ఆ గడువు నెలను తన సైట్‌లో రాసి పెడుతోంది కాబట్టి కనీసం వెతుక్కుంటే దొరుకుతుంది. పాత మోడల్‌ను డిస్కౌంట్‌లో అంటగట్టేటప్పుడు ఎన్ని ఏళ్లు ఖర్చైపోయాయో ఏ షాపువాడు చెబుతాడు?

ఇదంతా కొత్త హంగుల మీద మోజు కాదు. 2020 నుంచే 5జీ ఫోన్లని అమ్మారు. 2022 అక్టోబరు 1న దేశంలో 5జీ మొదలయ్యాక చూస్తే, కంపెనీ అప్‌డేట్ పంపితే తప్ప చాలా ఫోన్లలో అది పనిచేయలేదు. ఐఫోన్లకు ఆ అప్‌డేట్ డిసెంబరులో గానీ రాలేదు. మొన్నటికి మొన్న ఐఫోన్ 16ను కొత్త సిరి (మాటతో పనులు చేయించుకునే సహాయక సాఫ్ట్‌వేర్) వస్తుందని చూపించి అమ్మిన యాపిల్, 2025 మార్చిలో దాన్ని వాయిదా వేసి ఆ ప్రకటన వెనక్కి తీసుకుంది. అమెరికాలో కొన్నవాళ్లు కోర్టుకెక్కారు. ఇక సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిన ఫోన్‌లోనే మనం యూపీఐ, బ్యాంకు యాప్‌లు పెట్టుకుని తిరుగుతున్నాం. అది మరీ టెన్షన్.

2018లో నెదర్లాండ్స్‌లో వినియోగదారుల సంఘం అప్‌డేట్ల కోసం శాంసంగ్ మీద వేసిన కేసు ఓడిపోయింది. తర్వాత యూరప్ కోర్టుల మీదే ఆధారపడి కూర్చోకుండా చట్టం మార్చుకుంది. 2025 జూన్ 20 నుంచి అక్కడి నిబంధన ప్రకారం, ఒక మోడల్ చివరి ఫోన్ మార్కెట్లోకి వచ్చిన రోజు నుంచి కనీసం 5 ఏళ్లు అప్‌డేట్లు అందాలి. మొదటి రోజు నుంచి కాదు, చివరి రోజు నుంచి. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి సెక్యూరిటీ అప్‌డేట్లు కనీసం ఎప్పటిదాకా ఇస్తారో ముందే చెప్పి తీరాలి. అవే కంపెనీలు అక్కడ చేయగలిగింది ఇక్కడ ఎందుకు చేయవు?

మన దగ్గర దీనికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు. తూనికలు కొలతల శాఖ అమలు చేసే 2011 ప్యాకేజీ నిబంధనల కిందే ఫోన్ పెట్టె మీద ఎంఆర్‌పీ, తయారైన నెల అచ్చేస్తున్నారు. ఆ పక్కనే ఒక్క వరుస చేర్చమనండి: ఓఎస్ అప్‌గ్రేడ్లు ఫలానా నెల, ఫలానా సంవత్సరం దాకా, సెక్యూరిటీ అప్‌డేట్లు ఫలానా దాకా. ‘ఇన్నేళ్లు’ అని వద్దు, తేదీ కావాలి. మందు సీసా మీద ఎక్స్‌పైరీ ఉన్నట్టే. పెట్టె మీద తేదీ ఉంటే అది ప్రకటన మాత్రమే అని ఎవరూ తప్పించుకోలేరు. ఫోన్లు ఎంత సులువుగా బాగుచేయించుకోవచ్చో మార్కులు వేయాలని కేంద్రం వేసిన కమిటీ 2025 మేలో నివేదిక ఇచ్చింది. అందులో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లను కూడా ఒక కొలమానంగా పెట్టారు. అది అమలుకు వచ్చేలోగా ఈ వరుస చేర్చడానికి అడ్డేమిటో వినియోగదారుల వ్యవహారాల శాఖ చెప్పాలి.

ఫిర్యాదు గడువు మీద కూడా స్పష్టత రావాలి. కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లలోగా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలని చట్టం. కొన్న రోజు నుంచే లెక్కేస్తే, నాలుగో ఏట రావాల్సిన అప్‌గ్రేడ్ మీద ఎవరూ ఎప్పటికీ ఫిర్యాదు చేయలేరు. మాట తప్పిన రోజు నుంచే లెక్క అని కేంద్రం ఒక్క ముక్కలో తేల్చి చెప్పాలి.

అంతవరకు ఫోన్ కొనేవాళ్లకు నేను చెప్పేది, ఆ రోజు ప్రకటనను కత్తిరించి గానీ ఫోటో తీసి గానీ బిల్లుతో పాటు దాచుకోండి. కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా, మీరుండే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. 5 లక్షల లోపు కొన్న వస్తువుకు ఫీజు లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తే ముందుగా కంపెనీతో మాట్లాడించే ప్రయత్నం చేస్తారు.

సంపాదకులు గారికి ఒక విన్నపం. హామీ తెలుగులో, షరతు ఇంగ్లిష్‌లో ఉన్న ఫోన్ ప్రకటన మీ దగ్గరికి వస్తే, షరతును కూడా తెలుగులో, చదవగలిగే సైజులో వేసి ఇమ్మని కంపెనీని అడగండి. మీరు అడిగితే వాళ్లు కాదనరు.

— ఒక పాఠకురాలు, తెనాలి