మందుల గది రిజిస్టర్ తెరిస్తేనే తెలుస్తుంది

సంపాదకులకు,

ఫుట్‌బాల్ నైపుణ్యం మీద ఆధారపడిన ఆట, పాతికమంది ఉన్న జట్టులో గుట్టు దాగదు, కాబట్టి క్లబ్బే పూనుకుని ఉత్ప్రేరకాలు ఇవ్వడం అయ్యే పని కాదని బెంగళూరులోని తెలుగు అభిమానులు చాలామంది నమ్ముతున్నారు. అది సరికాదు. మ్యాచ్‌లో పది కిలోమీటర్లకు పైగా పరిగెత్తి, మూడు రోజులకే మళ్లీ దిగాల్సినవాడికి కావాల్సింది త్వరగా కోలుకోవడం. మందు పనిచేసేది అక్కడే. పైగా దీనికి అందరూ కుట్రలో ఉండక్కర్లేదు. ‘ఇది నిషేధిత జాబితాలో లేదు’ అని క్లబ్ సిబ్బంది భరోసా ఇస్తే కుర్రాళ్లు చెయ్యి చాపేస్తారు.

ఆస్ట్రేలియాలో అక్కడి తరహా ఫుట్‌బాల్ ఆడే ఎసెండన్ క్లబ్బులో 2012లో జరిగింది అదే. ఆటగాళ్లతో సమ్మతి పత్రాల మీద సంతకాలు పెట్టించుకుని మరీ ఇంజెక్షన్లు ఇచ్చారు. పరీక్షలో ఒక్కరూ దొరకలేదు. సమ్మతి పత్రాలు, ఫోన్ మెసేజ్‌ల ఆధారంగా 2016 జనవరిలో 34 మందిపై రెండేళ్ల నిషేధం పడింది.

ఇటలీలో 1998లో ఫుట్‌బాల్‌లో మందుల వాడకంపై కోచ్ జెమాన్ నోరు విప్పాక యువెంటస్ క్లబ్ మందుల నిల్వను దర్యాప్తు అధికారులు సోదా చేస్తే 281 రకాల మందులు బయటపడ్డాయి. క్లబ్ డాక్టర్‌కు 2004లో పడ్డ శిక్షను 2005లో అప్పీలు కోర్టు కొట్టేసింది, అదీ చెప్పాలి. కానీ అదే సమయంలో తేలిన ఇంకో సంగతి మరింత ఘోరం: రోమ్ ల్యాబ్‌కు ఫుట్‌బాలర్ల నమూనాలు చేరుతున్నా, వాటిలో స్టెరాయిడ్ల పరీక్షే చేయడం లేదు!

మ్యాచ్ అయ్యాక సాధారణంగా జట్టుకు ఇద్దరిని చీటీ తీసి పిలుస్తారు. ఎర్ర రక్తకణాలను పెంచే ఈపీవో మందును చిన్న మోతాదులో ఇస్తే దాని ఆనవాళ్లు ఎంతోసేపు నిలవవు. అందుకే హిమోగ్లోబిన్, రెటిక్యులోసైట్ల (కొత్తగా పుట్టిన ఎర్ర రక్తకణాల) హెచ్చుతగ్గులను నెలల తరబడి గమనించే బయోలాజికల్ పాస్‌పోర్ట్ వచ్చింది. ఏడాదికి ఒకే నమూనా తీస్తే అది కూడా ఎందుకూ కొరగాదు.

మన దగ్గర ఇంకో ప్రమాదం ఉంది. నీరసం అనగానే సెలైన్ ఎక్కించేస్తాం. ప్రపంచ ఉత్ప్రేరక నిరోధక సంస్థ (వాడా) నిబంధన ప్రకారం 12 గంటల్లో 100 మిల్లీలీటర్లకు మించి నరానికి ఎక్కించకూడదు. ఆసుపత్రి చికిత్స, శస్త్రచికిత్స, నిర్ధారణ పరీక్షలకే మినహాయింపు. మామూలు సెలైన్ సీసా 500 మిల్లీలీటర్లు. అందులో నిషేధిత మందేమీ లేకపోయినా తప్పు తప్పే. ఎందుకంటే రక్తం పలచబడి పాస్‌పోర్ట్ లెక్కలు తారుమారవుతాయి. ఫ్రాన్స్ ఫుట్‌బాలర్ సమీర్ నస్రీ 2016 డిసెంబరులో ఎక్కించుకున్నదీ 500 మిల్లీలీటర్లే. మొదట ఆరు నెలల నిషేధం, తర్వాత దాన్ని 18 నెలలకు పెంచారు. టోర్నమెంట్ మధ్యలో హోటల్ గదిలో డ్రిప్ పెట్టించే మేనేజర్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. నిషేధం పడేది ఆటగాడి మీదే.

అందుకే లీగ్ అధికారులు నమూనా సీసాలతో పాటు క్లబ్ మందుల గది రిజిస్టర్లు కూడా తీయాలి. తేదీ, మందు, బ్యాచ్ నంబరు, మోతాదు, నోటికా కండకా నరానికా, ఎవరికి, ఎందుకు, డాక్టర్ సంతకం: ఇవన్నీ ఉండాలి. వాటిని కొనుగోలు బిల్లులతో సరిపోల్చాలి. పది వయల్స్ (ఇంజెక్షన్ మందు సీసాలు) కొని ఆరే రాస్తే మిగతా నాలుగు ఏమయ్యాయో చెప్పించాలి. రక్తహీనత రిపోర్టులు లేకుండా ఐరన్ ఇంజెక్షన్లు బాగా ఖర్చవుతుంటే అనుమానించాల్సిందే, ఈపీవో పనిచేయాలంటే ఐరన్ కావాలి. మధుమేహం ఉన్నవాళ్లే లేని జట్టు ఫ్రిజ్‌లో ఇన్సులిన్ ఎందుకుంది? ఫ్రిజ్ తాళం కోచ్ దగ్గర ఎందుకుంది?

క్లబ్ లైసెన్సింగ్ షరతుల్లో ఈ తనిఖీని చేర్చాలి. సీజన్‌లో రెండుసార్లైనా, ముందస్తు కబురు లేకుండా, క్లబ్‌తో సంబంధం లేని ఫార్మసిస్ట్ వచ్చి చూడాలి. ఇందుకు కొత్త ల్యాబ్ అక్కర్లేదు.

– స్పోర్ట్స్ ఫిజియోథెరపిస్టులు, ఫార్మసిస్టులు, బెంగళూరు