రీకండిషన్ పేరుతో పంపిన పాత డీజిల్ ఇంజిన్‌పై ఫిర్యాదు

వారంటీ విభాగం అధికారి గారికి,

విషయం: మీరు సరఫరా చేసిన రీకండిషన్డ్ డీజిల్ ఇంజిన్ 4 నెలలకే పాడైపోవడం, వారంటీని మీరు తిరస్కరించడం గురించి.

ఆర్యా,

సరుకులు చేరవేసే నా డీజిల్ వ్యాన్ ఇంజిన్ బోరుకు రావడంతో (సిలిండర్ల లోపలి గోడలు అరిగిపోవడంతో), మీ సంస్థ నుంచి 4 సిలిండర్ల రీకండిషన్డ్ ఇంజిన్‌ను 12 నెలల వారంటీతో కొన్నాను. ఒప్పందం ప్రకారం నా పాత ఇంజిన్‌ను మార్పిడి కింద మీకే అప్పగించాను. మీ ఇంజిన్ ఎక్కించిన 4 నెలలకు, 6,200 కిలోమీటర్లు తిరిగేసరికి, దారిలో ఆయిల్ ప్రెషర్ లైటు వెలిగింది. వెంటనే బండిని పక్కకు తీసి ఇంజిన్ ఆపేశాను. ఆ తర్వాత ఒక్కసారి కూడా స్టార్ట్ చేయకుండా మరో వాహనంతో లాగించి షెడ్డుకు చేర్చాను.

ఈ విషయం తెలియజేసినప్పుడు, సకాలంలో ఆయిల్ మార్చకపోవడం వల్ల బేరింగులు అరిగాయి కాబట్టి వారంటీ వర్తించదని మీరు ఒక్క వాక్యంలో జవాబిచ్చారు. ఇంజిన్‌ను చూడకుండానే, మనిషిని పంపకుండానే వచ్చిన ఆ జవాబును నేను అంగీకరించడం లేదు. మీ కాగితంలో రాసినట్టే మొదటి 1,000 కిలోమీటర్లకు, తిరిగి 5,000 దగ్గర, మీరు సూచించిన గ్రేడు ఆయిలే పోయించి, రెండుసార్లూ ఫిల్టర్ కూడా మార్పించాను. ఆ బిల్లులు మీకు ఇదివరకే పంపాను.

అసలు కారణం సంప్, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి, విప్పినప్పుడు బయటపడింది. ఆయిల్ పంపుకు ఆయిల్‌ను అందించే స్ట్రెయినర్ జాలీ సగానికి పైగా నల్లటి రబ్బరు తునకలతో మూసుకుపోయి ఉంది. వేలితో నలిపితే సాగుతున్న ఆ తునకలు ఎక్కడివో వెతకనవసరం లేకపోయింది. ఇంజిన్ బ్లాక్ అంచున ఆయిల్ కారకుండా ఎప్పుడో పూసిన పాత సీలెంట్‌ను గీకి తీయకుండా దాని మీదే కొత్త సీలెంట్ పూసి సంప్ బిగించారు. ఆ పాత పొర ఊడి లోపల పడి జాలీకి చుట్టుకుంది. ఆయిల్ ఎంత మంచిదైనా, ఎన్నిసార్లు మార్చినా, పంపు వరకు చేరే దారి మూసుకుపోయాక బేరింగులకు రక్షణ ఎక్కడి నుంచి వస్తుంది?

ఇంతకన్నా తీవ్రమైన విషయం బేరింగుల దగ్గర కనిపించింది. పిస్టన్ల కదలికతో తిరిగే ఇరుసైన క్రాంక్ షాఫ్ట్‌ను గ్రైండింగ్ చేసి, అలా సన్నబడిన షాఫ్ట్‌కు సరిపడే 0.25 మిల్లీమీటర్ల అండర్‌సైజు బేరింగులు వేశామని మీరిచ్చిన ధ్రువపత్రంలో ఉంది. మా మెకానిక్ పిస్టన్లను క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్లలో రెండింటి క్యాపులు విప్పి, బేరింగు షెల్స్ (బేరింగులోని అర్ధవృత్తాకారపు రేకులు) తిప్పి చూపించారు. వెనుక 0.25 అన్న గుర్తు ఉండవలసిన చోట ఎస్‌టీడీ అని, అంటే స్టాండర్డ్ సైజు అని ముద్రించి ఉంది. పైపొర అరిగిపోయి కింది రాగి రంగు చారలుగా తేలింది. గ్రైండింగ్ చేసిన క్రాంక్‌కు స్టాండర్డ్ షెల్స్ వేస్తే మధ్యలో పావు మిల్లీమీటరు అదనపు ఖాళీ మిగిలి, మొదటి రోజే ఆయిల్ ప్రెషర్ నిలిచేది కాదు. మైక్రోమీటర్‌తో కొలిస్తే ఆ రెండు జర్నల్స్ (బేరింగులు కూర్చునే క్రాంక్ భాగాలు) కూడా గ్రైండింగ్ ఎరగనివేనని తేలింది. కాబట్టి ఆ రెండు చోట్లా మీ ధ్రువపత్రంలోని మాట నిజం కాదు.

ఈ సంఘటనకు రెండు వారాల ముందే, ఉదయం పూట స్టార్ట్ కావడానికి మొరాయిస్తూ తెల్లటి పొగ వదులుతోందని మీకు తెలిపాను. సిలిండర్లలో గాలి ఎంత ఒత్తిడికి చేరుతుందో కొలిచే కంప్రెషన్ పరీక్షలో మూడు సిలిండర్లు 26, 27, 26 బార్లు చూపగా రెండో సిలిండర్ 19 దగ్గరే ఆగింది. కొత్త పిస్టన్ రింగులు కుదురుకునే వరకు అలాగే ఉంటుందని మీరు బదులిచ్చారు. డీజిల్ ఇంజిన్‌కు స్పార్క్ ప్లగ్గు ఉండదు, గాలిని నొక్కిన వేడికే ఇంధనం మండాలి, అందువల్ల ఒక సిలిండర్‌లో అంత తేడా ఉన్నప్పుడు వేచి చూడమనడం సరైన సలహా కాదు. బోర్లలో (సిలిండర్ల లోపలి గోడలపై) సానపట్టినప్పుడు పడే హోనింగ్ గీతలు ఉన్నాయో లేదో మీ ప్రతినిధి సమక్షంలోనే తేలాలని, సిలిండర్లను పైనుంచి మూసే హెడ్‌ను మాత్రం విప్పించలేదు.

వాడిన ఇంజిన్‌ను వాడినదిగానే చెప్పి అమ్మితే నాకు అభ్యంతరం లేదు. మంచి స్థితిలో ఉన్న పాత ఇంజిన్ కొందరి అవసరానికి సరిపోతుంది, కొనేవాడు దానికి తగ్గట్టు బేరమాడుకుంటాడు. కానీ రీకండిషన్డ్ అన్నప్పుడు ప్రతి భాగాన్నీ విప్పి, కడిగి, కొలిచి, పరిమితి దాటిన వాటిని మార్చి లేదా మెషీనింగ్ చేసి తిరిగి కూర్చారని అర్థం. కడిగి వెండి రంగు వేసినంత మాత్రాన ఆ పేరు రాదు. ఈ బండి మీదే మా కుటుంబం ఆధారపడి ఉంది. ఆ పేరును నమ్మే నా ఇంజిన్‌ను మీకు వదులుకున్నాను, ఇప్పుడు వెనక్కి వెళ్లే దారి కూడా లేదు.

ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా మీ సాంకేతిక ప్రతినిధిని పంపి మా మెకానిక్ ఎదుట ఇంజిన్‌ను పూర్తిగా విప్పించి పరిశీలించాలని, ఈ ఇంజిన్ నంబరుకు సంబంధించి బోర్లు, జర్నల్స్, హెడ్ సమతలం కొలిచిన అసలు పట్టికను నాకు ఇవ్వాలని కోరుతున్నాను. అటువంటి పట్టిక లేకపోతే లేదని రాతపూర్వకంగా తెలపండి. ఆపై కొలతల పత్రంతో సహా నిజంగా రీకండిషన్ చేసిన మరో ఇంజిన్‌ను ఇచ్చి, దించి ఎక్కించే కూలి, ఆయిల్, కూలెంట్ ఖర్చులను మీరే భరించాలి, లేదా ఆ ఖర్చులతో కలిపి నేను చెల్లించిన మొత్తాన్ని వాపసు చేయాలి. బేరింగుల నుంచి రాలిన లోహపు పొడి ఆయిల్‌తో పాటు టర్బోలోకి, ఆయిల్ కూలర్‌లోకి చేరి ఉంటుంది. వాటిని అలాగే బిగిస్తే రాబోయే ఇంజిన్ కూడా పాడవుతుంది కాబట్టి, నా టర్బోను పరీక్షించి కూలర్‌ను మార్చడం కూడా ఈ పనిలో భాగం కావాలి.

స్ట్రెయినర్‌ను తునకలతో సహా, నాలుగు బేరింగు షెల్స్‌ను విడివిడిగా కవర్లలో పెట్టి సీలు వేయించాను. వాటి ఫొటోలు, కంప్రెషన్ పరీక్ష కాగితం, మీ ధ్రువపత్రం నకలు ఈ లేఖతో జతపరుస్తున్నాను. మీ ప్రతినిధి వచ్చే వరకు ఇంజిన్‌లో మరే భాగాన్నీ కదిలించము. గడువులోగా స్పందన రాకపోతే ఇవే ఆధారాలతో వినియోగదారుల న్యాయస్థానాన్ని ఆశ్రయిస్తాను.

ఇట్లు,
భవదీయుడు,
వ్యాన్ యజమాని